ముందు నేర్పవలసింది ఊపిరి వదలడం

ప్రాణాయామం చేస్తే ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ అందుతుందనే మాట మన యోగా తరగతుల్లో, టీవీల్లో వచ్చే ఉదయపు కార్యక్రమాల్లో, వాట్సాప్ సందేశాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని కాదన్నవాళ్లను ప్రాణాయామాన్నే కాదన్నవాళ్లుగా జమకడుతున్నారు. నేను ఏళ్ల తరబడి ప్రాణాయామం చేస్తున్నదాన్ని, దానివల్ల మనిషికి మేలు కలుగుతుందని మనసారా నమ్మేదాన్ని. అయితే ఆ మేలు ఎక్కువ గాలి పీల్చడం వల్ల రాదనీ, నిదానంగా, దీర్ఘంగా, చప్పుడు లేకుండా ఊపిరి వదలడంలోనే దాని మూలం ఉందనీ నా అభిప్రాయం. ఈ తేడా తెలియకపోవడం వల్ల మన దగ్గర ప్రాణాయామాన్ని తలకిందులుగా నేర్పుతున్నారు. వేగం ముందుకు వచ్చింది, నిదానం వెనక్కి పోయింది. పీల్చడమనే పూరకానికీ, నిలపడమనే కుంభకానికీ ఉన్న గౌరవం వదలడమనే రేచకానికి దక్కలేదు.

ముందు ఆక్సిజన్ సంగతి చూద్దాం. ఊపిరితిత్తుల జబ్బు లేని మనిషి ఊరికే కూర్చుని ఉన్నప్పుడే అతని రక్తంలోని హిమోగ్లోబిన్ 95 నుంచి 99 శాతం వరకు ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. కరోనా కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటరును వేలికి తగిలించుకుని ఎవరైనా దీన్ని చూసుకోవచ్చు. దాదాపు నిండిన దానిలో ఇంకా ఎంత నింపగలం? 1924లో లోనావ్లాలో కైవల్యధామ స్థాపించి, ప్రాణాయామాన్ని ప్రయోగశాలకు తీసుకువచ్చిన స్వామి కువలయానంద వాయువుల మార్పిడిని కొలిచి చూసి, ప్రాణాయామం విలువ అదనపు ఆక్సిజన్‌లో లేదని ఆనాడే తేల్చారు. యోగాన్ని ప్రాణంగా ప్రేమించిన మనిషి, యోగాశ్రమంలోనే కూర్చుని చెప్పిన మాట అది. వందేళ్లు కావస్తున్నా ఆ మాట మన తరగతి గదుల దాకా రాలేదు.

అలాగని ఎలా పీల్చినా ఒకటేనని కాదు. ఇక్కడొక చిన్న లెక్క ఉంది. మామూలుగా మనం ఒక్కో శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తాం. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు ముక్కులో, గొంతులో, శ్వాసనాళాల్లోనే ఉండిపోయి, రక్తంతో వాయువుల మార్పిడి జరిగే గాలితిత్తుల దాకా చేరకుండానే బయటికి వచ్చేస్తాయి. నిమిషానికి 12 సార్లు అలా పీల్చితే లోపలికి వెళ్లేది 6 లీటర్లు, పనికొచ్చేది 4.2 లీటర్లు. అదే 6 లీటర్ల గాలిని గాభరాగా, పైపైన, నిమిషానికి 24 సార్లు పీల్చితే పనికొచ్చేది 2.4 లీటర్లే. నింపాదిగా 6 సార్లు పీల్చితే 5.1 లీటర్లు పనికొస్తుంది. అంటే నిదానమైన శ్వాస ఆక్సిజన్‌ను కుమ్మరించదు, తక్కువ శ్రమతో సరిపడా పని చేసుకుపోతుంది. కుదురుగా ఊపిరి తీసే మనిషికి మెడ కండరాలు బిగుసుకోవు, భుజాలు పైకి లేవవు, ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే ఉదరవితానమే పనంతా చేస్తుంది. ఆ సుఖమే మొదటి లాభం.

ఇప్పుడు వేగం సంగతి. మా అపార్ట్‌మెంటు మేడ మీద కొంతకాలం ఉదయం పూట యోగా తరగతి నడిచింది. మొదటి వారంలోనే అందరిచేతా భస్త్రిక చేయించారు. చేతులు పైకెత్తుతూ బలంగా పీల్చడం, పిడికిళ్లు భుజాల దగ్గరికి దించుతూ బలంగా వదలడం, ఆపకుండా, లౌడ్‌స్పీకరులో వచ్చే దరువుకు తగ్గట్టు. నా పక్కన కూర్చున్న అరవై దాటిన ఆవిడ మధ్యలో ఆగి, రెండు చేతులూ ముందుకు చాచి, “మాస్టారూ, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయండీ, పెదాల చుట్టూ కూడా జుమ్ముమంటోంది” అన్నారు. ఆయన నవ్వుతూ, “అది ప్రాణశక్తి ప్రవాహమమ్మా, మంచి లక్షణం, ఆపకండి” అన్నారు. ఆవిడ ఆపలేదు. కళ్లు తిరిగి పక్కకు ఒరిగితే పట్టుకుని పడుకోబెట్టాం. కాసేపటికి మామూలుగానే లేచారు కానీ, మర్నాటి నుంచి తరగతికి రాలేదు.

ఆవిడకు జరిగింది ఏ వైద్యవిద్యార్థి అయినా చెప్పగలిగేదే. ఒంటికి పని లేనప్పుడు బలంగా, వేగంగా ఊపిరి తీస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు గానీ, కార్బన్ డయాక్సైడ్ మాత్రం జోరుగా బయటికి పోతుంది. మనం దాన్ని విషవాయువులా మాట్లాడుకుంటాం గానీ, రక్తంలో అది ఒక స్థాయిలో ఉండి తీరాలి. ఆ స్థాయి పడిపోతే మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళాలు ముడుచుకుంటాయి, కళ్లు తిరుగుతాయి. రక్తం క్షారగుణానికి మళ్లి, నరాలకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గి, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి. ఎక్కువ ఆక్సిజన్ కోసమని చేసిన పనివల్ల మెదడుకు వెళ్లే రక్తం తగ్గడమన్నమాట. ఆ తిమ్మిరిని శక్తి ప్రవాహమని చెప్పడం నాకు చిన్న పొరపాటుగా తోచదు. ఒళ్లు ఆపమని చెబుతున్న మాటను వినవద్దని నేర్పడం అది.

సంప్రదాయం పేరు చెప్పి ఈ వేగాన్ని సమర్థించేవాళ్లు ఆ గ్రంథాలను ఒకసారి తెరిచి చూడాలి. హఠయోగానికి మూలగ్రంథాల్లో ఒకటైన హఠయోగ ప్రదీపికలో, పొట్టను లోపలికి కొడుతూ ఊపిరిని వేగంగా బయటికి విసిరే కపాలభాతి ప్రాణాయామాల జాబితాలోనే లేదు. ధౌతి, వస్తి, నేతి, త్రాటకం, నౌళి అనే శుద్ధిక్రియలతో పాటు ఆరోదిగా చెప్పారు. పైగా కొవ్వు, కఫం అధికంగా ఉన్నవాళ్లే ఆ ఆరూ చేయాలనీ, దోషాలు సమంగా ఉన్న తక్కినవాళ్లు చేయనక్కరలేదనీ స్పష్టంగా రాశారు. కుంభకాలు అనే పేరుతో ఆ గ్రంథం చెప్పిన ప్రాణాయామాల్లో భస్త్రిక ఒకటే, కాదనను. అయితే అదే గ్రంథం, సింహాన్నీ ఏనుగునూ పులినీ మచ్చిక చేసుకున్నట్టు వాయువును ‘శనైః శనైః’, అంటే మెల్లమెల్లగా, వశం చేసుకోవాలనీ, లేకపోతే అది సాధకుణ్నే చంపుతుందనీ హెచ్చరిస్తోంది. ఆ వెంటనే వచ్చే శ్లోకం మరీ ముఖ్యం. సరిగా చేసిన ప్రాణాయామంతో సర్వరోగాలూ క్షయమవుతాయన్న మొదటి పాదాన్ని మన ప్రచారకులు నోరారా వల్లిస్తారు. తప్పుగా చేసిన అభ్యాసంతో సర్వరోగాలూ పుట్టుకొస్తాయన్న రెండో పాదం ఏ పోస్టరు మీదా నాకు కనిపించలేదు.

యోగసూత్రాలు చెప్పిన పతంజలి ఇంకా పొదుపుగా మాట్లాడారు. ప్రాణాయామం ‘దీర్ఘసూక్ష్మం’ కావాలన్నారు, అంటే నిడివి పెరగాలి, సవ్వడి తగ్గాలి. మనసు తేటపడడానికి ఉన్న మార్గాలు చెబుతూ, ఆ సూత్రాల మొదటి భాగమైన సమాధిపాదంలో ‘ప్రచ్ఛర్దనవిధారణాభ్యాం వా ప్రాణస్య’ అన్నారు. ఊపిరిని బయటికి వదలడమూ, నిలపడమూ ఆ సూత్రంలో ఉన్నాయి. పీల్చడం ఊసే లేదు. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను. చక్కగా వదిలినవాడు పీల్చడానికి ప్రత్యేకంగా శ్రమపడనక్కరలేదని అభ్యాసం చేసిన ఎవరికైనా అనుభవంలోకి వస్తుంది. ఖాళీ అయిన ఊపిరితిత్తుల్లోకి గాలి తనంతట తానే వస్తుంది.

ఊపిరి వదలడానికి అంత మహిమ ఎక్కడిదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. మణికట్టు దగ్గర బొటనవేలి మూలానికి కింద మూడు వేళ్లు ఆనించి, నాడి చూసుకుంటూ నిదానంగా పీల్చి, అంతకంటే నిదానంగా వదలాలి. పీలుస్తున్నంతసేపూ నాడి కాస్త జోరందుకుంటుంది, వదులుతున్నంతసేపూ మందగిస్తుంది. పిల్లల్లో, యువకుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది, వయసు పైబడేకొద్దీ తగ్గుతుంది. మెదడు అడుగుభాగం నుంచి మెడ మీదుగా గుండెకూ పొట్టకూ దిగే వేగస్ నాడి గుండెకు పగ్గం పట్టుకుని ఉంటుంది. ఊపిరి తీసేటప్పుడు ఆ పగ్గం సడలుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. అందువల్ల రేచకాన్ని ఎంత పొడిగిస్తే గుండె అంతసేపు నెమ్మదిగా నడుస్తుంది. మన ఇష్టానికి లోబడని గుండె, రక్తనాళాలు, జీర్ణకోశం వంటి వాటిని మనం నేరుగా ఆజ్ఞాపించలేం. ఊపిరి మాత్రం తనంతట తాను నడుస్తూనే మన మాట కూడా వింటుంది. ఆ ఒక్క తలుపులోంచి తక్కిన వాటి దగ్గరికి వెళ్లే విద్య కాబట్టే ప్రాణాయామానికి నేను ఇంత విలువ ఇస్తాను.

నిమిషానికి సుమారు ఆరు శ్వాసల దగ్గర ఇంకో విశేషం ఉంది. రక్తపోటు పెరిగితే గుండెను తగ్గించి, తగ్గితే గుండెను పెంచే సర్దుబాటు ఒకటి మన శరీరంలో ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. దాని సహజమైన ఊగిసలాటకు దాదాపు పది సెకన్లు పడుతుంది. శ్వాస కూడా పది సెకన్లకు ఒకటిగా సాగితే ఆ రెండు లయలూ కలిసిపోయి, ఆ సర్దుబాటు చురుకవుతుంది. ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో 23 మంది చేత లాటిన్‌లో మరియమాత జపమాల ప్రార్థన, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం పలికించారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఇంచుమించు ఆరుకు దిగింది, రక్తపోటును సర్దే ఆ ప్రతిక్రియ మెరుగుపడింది. ఎవరూ వాళ్లకు ప్రాణాయామం నేర్పలేదు. ఆ ప్రార్థనల నిడివే వాళ్ల ఊపిరిని పొడిగించింది.

ఉబ్బసం మీద జరిగిన ఒక పరీక్ష నాకు మరీ ఇష్టం. 1990లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో తేలికపాటి ఉబ్బసం ఉన్న 18 మంది ‘పింక్ సిటీ లంగ్ ఎక్సర్‌సైజర్’ అనే పరికరం ద్వారా ఊపిరి తీశారు. పేరును బట్టే దానికి జైపూరుతో ఉన్న సంబంధం తెలుస్తుంది. పీల్చడానికి ఒక వంతు, వదలడానికి రెండు వంతుల సమయం పట్టేలా ఆ పరికరం శ్వాసను నిదానింపజేస్తుంది. అచ్చం అలాగే ఉండి, ఆ నియమం మాత్రం లేని ఉత్తుత్తి పరికరాన్ని కూడా వాళ్లకే ఇచ్చి పోల్చి చూశారు. ఒకటికి రెండు నిష్పత్తిలో ఊపిరి తీసిన రోజుల తర్వాత, శ్వాసనాళాలను ముడుచుకునేలా చేయడానికి మునుపటికంటే ఎక్కువ మోతాదు హిస్టమిన్ అవసరమైంది. ఊపిరితిత్తుల సామర్థ్యం కొలతల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఎంత నిజాయితీ గల ఫలితమో చూడండి. ఉబ్బసం నయం కాలేదు, కానీ ఒక్క నిదానమైన రేచకం శ్వాసనాళాల చిరాకును కొంత తగ్గించింది.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన పరీక్ష నా వాదానికి ఇంకా దగ్గరిది. రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెల రోజుల పాటు కొందరు దీర్ఘ నిశ్వాసం ప్రధానంగా ఉన్న శ్వాసను, కొందరు పీల్చడం, నిలపడం, వదలడం సమంగా ఉన్న శ్వాసను, కొందరు వేగంగా ఊపిరి తీసి నిలిపే పద్ధతిని, ఇంకొందరు ధ్యానాన్ని అభ్యసించారు. అందరికీ ఎంతోకొంత మేలు కలిగింది. మనసు ఉల్లాసం విషయంలో అందరికంటే ముందున్నది నిశ్వాసాన్ని సాగదీసిన జట్టు. అయితే అదే ఏడాది వచ్చిన ఇంకో పరీక్షను దాచిపెడితే నేను కూడా పోస్టర్ల వాళ్ల జాబితాలో చేరిపోతాను. 400 మందితో జరిగిన ఆ పరీక్షలో నిమిషానికి ఐదున్నర శ్వాసలు తీసినవాళ్లకీ, 12 శ్వాసలు తీసినవాళ్లకీ మధ్య ఒత్తిడిలో, దిగులులో, క్షేమంలో తేడా కనిపించలేదు. అంటే మనసు కుదుటపడడంలో శ్వాసల లెక్కతో పాటు, రోజూ ఒక వేళకు కూర్చుని ఊపిరి మీద దృష్టి నిలపడానికి కూడా పెద్ద వాటా ఉండి ఉండాలి. దీనివల్ల నా అభిప్రాయం బలహీనపడుతుందని నేను అనుకోను. నిదానమైన అభ్యాసం చేసిపెట్టేది ఆ దృష్టి నిలిపే పనినే. దరువుకు తగ్గట్టు గాలిని విసిరికొట్టే అభ్యాసంలో దృష్టికి చోటెక్కడ?

రోగాల జాబితాల గురించి ఒక్క మాట. మధుమేహం, థైరాయిడ్, క్యాన్సర్ అంటూ ప్రాణాయామంతో నయమయ్యేవాటి పట్టికలు చదివే గొంతులు నాకు నిజంగా బాధ కలిగిస్తాయి. ఫలానా మందు వాడితే మధుమేహం, క్యాన్సర్ వంటివి నయమవుతాయని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ఉపన్యాసంలో చెప్పే మాటలకు ఆ భయం ఉన్నట్టు కనిపించదు. 2020లో పది సెకన్లు ఊపిరి బిగపట్టగలిగితే కరోనా లేనట్టేనని చదువుకున్నవాళ్లు కూడా ఒకరికొకరు పంపుకున్నారు. మా అమ్మ రక్తపోటు మాత్ర వేసుకుంటూనే రోజూ సాయంత్రం నిదానంగా ఊపిరి తీసే అభ్యాసం చేస్తుంది. నిదానమైన శ్వాసతో కొన్ని వారాల్లో రక్తపోటు కొద్దిగా తగ్గినట్టు చూపిన అధ్యయనాలు ఉన్నాయి. ఆ కొద్దిపాటి తగ్గుదల విలువైనదే గానీ, అది మాత్రకు తోడుగా ఉండాలి, మాత్ర స్థానంలోకి రాకూడదు. “మాత్ర తగ్గించాలో వద్దో డాక్టరుగారు చెబుతారు, ఊపిరి సంగతి నేను చూసుకుంటాను” అంటుంది మా అమ్మ. ఇంతకంటే సరైన సర్దుబాటు నాకు తెలియదు.

2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో మూడు లక్షలకు పైగా జనం ఒకేసారి యోగా చేశారు. ఆ దృశ్యం చూసి నేనూ సంతోషించాను. ఆయుష్ మంత్రిత్వశాఖ యోగా దినోత్సవానికి రూపొందించిన 45 నిమిషాల క్రమంలో కపాలభాతిని ప్రాణాయామం నుంచి విడదీసి, వేరే శీర్షిక కింద పెట్టారు. ప్రాణాయామంలో ముక్కుపుటాలు మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన, చుట్టిన నాలుక మీదుగా గాలి పీల్చే శీతలి, తుమ్మెదలా నాదం చేసే భ్రామరి ఉంచారు. గ్రంథాలతో సరిపోయే ఆ విభజన మన ఊళ్లలోని తరగతులకు దిగేసరికి మాయమవుతోంది. మైదానంలో జనాన్ని చురుకుగా ఉంచడానికి వేగమైన క్రియలు పనికొస్తాయి, నిదానమైన నిశ్వాసం కెమెరాకు కనిపించదు. నేర్పేవాళ్లను నేను కోరేది కష్టమైనది కాదు. మొదటి నెలంతా రేచకమే నేర్పండి. అధిక రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా, మూర్ఛ ఉన్నవాళ్లనూ, గర్భిణులనూ ముందే అడిగి తెలుసుకుని, కపాలభాతి, భస్త్రిక, కుంభకాల నుంచి పక్కన పెట్టండి. కపాలభాతి చేస్తూ ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆసుపత్రి పాలైన ఒక యువతి ఉదంతం 2004లో వైద్యపత్రికలో నమోదైంది. అలాంటిది చాలా అరుదే, కానీ అడిగి తెలుసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు.

నేను చేసే పద్ధతి ఇది. నేల మీద కూర్చోలేనివాళ్లు కుర్చీలోనైనా వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవచ్చు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు అరచేతిలోకి మడిచి, బొటనవేలితో కుడి ముక్కుపుటాన్ని మెత్తగా మూసి, ఎడమ వైపు నుంచి ముందు ఊపిరి పూర్తిగా వదలాలి. పీల్చడంతో మొదలుపెట్టకూడదు. తర్వాత అదే వైపు నుంచి మనసులో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఉంగరంవేలితో ఎడమ వైపు మూసి, కుడి నుంచి ఆరు లెక్కపెడుతూ వదలాలి. మళ్లీ కుడి నుంచి పీల్చి ఎడమ నుంచి వదలాలి. లెక్క సెకనుకు ఒకటిగా సాగితే నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. కుంభకం వద్దు. ముక్కు ముందు చెయ్యి పెడితే గాలి తగిలీ తగలనట్టు ఉండాలి. ఎప్పుడైనా గబుక్కున నోటితో గాలి అందుకోవలసి వచ్చిందంటే లెక్క మన శక్తికి మించిందన్నమాట, అప్పుడు మూడుకు నాలుగో ఐదో చేసుకోవాలి. లెక్క పెంచుకోవాలనే పంతం పనికిరాదు.

ఇంత చెప్పినా ఈ అభ్యాసం అందరికీ సరిపడదు. ఊపిరి మీద దృష్టి పెట్టగానే ఊపిరి ఆడనట్టు అనిపించి, గుండె దడదడలాడేవాళ్లు ఉంటారు. భయపు దాడులు అనుభవించినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. వాళ్లను కళ్లు మూసుకుని కూర్చోమని బలవంతపెట్టడం క్రూరత్వం. అలాంటివాళ్లకు గొంతుతో చేసే పని తేలిక. భ్రామరిలో తుమ్మెదలా నాదం చేస్తే నిశ్వాసం దానంతటదే పొడవవుతుంది, దృష్టి ఊపిరి మీద కాక శబ్దం మీద ఉంటుంది. స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు 2002లో చూపినదాని ప్రకారం, ఊరికే ఊపిరి వదిలినప్పటికంటే అలా నాదం చేసినప్పుడు ముక్కు నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ సుమారు 15 రెట్లు పెరుగుతుంది, సైనస్ గదుల్లో గాలి ఆడుతోందనడానికి అది గుర్తు. అదీ నచ్చకపోతే పారాయణ ఉండనే ఉంది. విష్ణు సహస్రనామం నింపాదిగా చదివేటప్పుడు అర్ధశ్లోకానికి ఒక నిశ్వాసం, అంటే ఏడెనిమిది సెకన్లు పడుతుంది. పీల్చడానికి పట్టే క్షణం కూడా కలుపుకుంటే నిమిషానికి ఏడు శ్వాసల దగ్గర ఉంటాం. నమ్మకం లేనివాళ్లు వేమన పద్యాలైనా, చిన్నప్పటి శతక పద్యాలైనా గొంతెత్తి చదువుకోవచ్చు. ఒక్కో పాదం తొందర లేకుండా ఒక్క ఊపిరిలో అయ్యేలా చూసుకుంటే చాలు.